పుట్టినరోజు విందులో పేరు లేనివాళ్లు

1908లో రోమ్ నగరంలో ఇనెస్ అనే ఒక బాలింతకి ఏ తిండీ సయించలేదు. తొలి కాన్పు. కొడుకు పుట్టాడు, అర్మాండో అని పేరు పెట్టుకున్నారు. తల్లి మాత్రం రోజురోజుకీ నీరసించిపోయింది. ఆమె భర్త అల్ఫ్రెడో డి లేలియో, పియాజ్జా రోజా అనే చోట తన తల్లి ఆంజెలీనా నడుపుతున్న చిన్న పూటకూళ్ల ఇంట్లో పనిచేసేవాడు. భార్య కోసం అతను రవ్వపిండితో ఫెట్టుచీనె, అంటే సన్నటి రిబ్బన్లలాంటి పాస్తా చేసి, వేడి తగ్గకముందే వెన్న, లేత పార్మిజాన్ జున్ను కలిపి పెట్టాడు. ఆమె తిన్నది. తినడమే కాదు, దీన్ని మన హోటల్లో కూడా పెట్టొచ్చు కదా అని సలహా ఇచ్చింది. ఇది ఆ కుటుంబం తరతరాలుగా చెప్పుకుంటున్న కథ.

కథ వింటుంటే మనకేమీ కొత్తగా అనిపించదు. బాలింతకి కారం, పులుపు తగ్గించి, నెయ్యి వేసి కలిపిన మెత్తటి అన్నం పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. రోమ్ బాలింత పథ్యం అది. కానీ ఆ తర్వాత ఆ పథ్యానికి ఏం జరిగిందో చూడాలి. 1914లో అల్ఫ్రెడో వియా డెల్లా స్క్రోఫా అనే వీధిలో తన పేరుతో సొంత రెస్టారెంట్ తెరిచాడు. 1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ హనీమూన్‌కి వచ్చి అక్కడ తిన్నారు. 1927లో వాళ్లు అతనికి బంగారు చెంచా, ఫోర్కు బహూకరించి, వాటి మీద నూడుల్స్ రాజు అని చెక్కించారు. ఇవాళ న్యూయార్క్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా మెనూలో ఉండే పేరు 'అల్ఫ్రెడో'. రాజు పట్టాభిషేకం పూర్తయింది. పూటకూళ్ల ఇల్లు నడిపిన ఆంజెలీనా, ప్రసవించి, తిని, బాగుందని చెప్పి, అమ్మమని సలహా ఇచ్చిన ఇనెస్ ఆ కథకి నేపథ్యంగా మిగిలారు.

పుట్టినరోజు అంటే ఒక స్త్రీ ప్రసవించిన రోజు కూడా. కేకు కోసే సందడిలో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంట్‌లో పుట్టినరోజు విందు అనేది నగరాల్లో మధ్యతరగతి కొత్తగా నేర్చుకున్న వేడుక. ఈ వేడుకలోని ఒక్కొక్క అంశాన్ని, లోపలికి వెళ్లే తలుపు నుంచి చివర్లో పాడే పాట దాకా, విడివిడిగా పట్టుకుని చూస్తే ప్రతిదాని వెనకా స్త్రీల చరిత్ర ఒకటి కనిపిస్తుంది. అందులో కొంత పోరాటం, కొంత పేరు చెరిగిపోయిన శ్రమ.

ముందు తలుపు సంగతి. మగతోడు లేని స్త్రీ రెస్టారెంట్‌లో కూర్చుని భోంచేయడం పందొమ్మిదో శతాబ్దపు అమెరికా నగరాల్లో మర్యాద కాదు. అలాంటి ఆడదాన్ని అనుమానంగా చూసేవారు. న్యూయార్క్‌లో అప్పటి అత్యంత ఖరీదైన రెస్టారెంట్ డెల్మోనికోస్. స్విట్జర్లాండ్‌లో ఇటాలియన్ మాట్లాడే టిచీనో ప్రాంతం నుంచి వలస వచ్చిన అన్నదమ్ములు దాన్ని స్థాపించారు. 1868 ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రెస్ క్లబ్ అక్కడ ఛార్లెస్ డికెన్స్‌కి విందు ఇచ్చింది. జేన్ కన్నింగ్‌హామ్ క్రోలీ అప్పటికే పేరున్న పత్రికా రచయిత్రి. ఆమె టిక్కెట్ అడిగితే ఇవ్వలేదు. చివరికి, మగవాళ్లకి కనబడకుండా తెర వెనక కూర్చుంటే రావచ్చన్నారు. ఆమె వెళ్లలేదు. స్నేహితురాళ్లని కూడగట్టి 'సొరోసిస్' అనే స్త్రీల క్లబ్ పెట్టింది. అదే నెలలో, అదే డెల్మోనికోస్‌లో, మగవాళ్లెవరూ లేకుండా ఆ స్త్రీలు కలిసి భోంచేశారు. సొరోసిస్ అనేది వృక్షశాస్త్రంలోని మాట. అనాస, మల్బరీల్లా అనేక పూలు కలిసిపోయి ఒకే పండుగా మారితే దాన్ని అలా అంటారు. ఒక రచయిత్రికి విందులో చోటు దక్కకపోవడం నుంచి స్త్రీల క్లబ్బుల ఉద్యమం పుట్టిందన్నది రాసే ఆడవాళ్లం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

ఆ ఒక్క భోజనంతో తలుపులన్నీ తెరుచుకోలేదు. 1907లో హారియట్ స్టాంటన్ బ్లాచ్, ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు ఎలిజబెత్ కేడీ స్టాంటన్ కూతురు, మరో స్త్రీతో కలిసి న్యూయార్క్‌లోని హాఫ్‌మన్ హౌస్ హోటల్‌కి వెళ్లింది. సాయంత్రం ఆరు దాటాక మగతోడు లేని ఆడవాళ్లకి వడ్డించబోమన్నారు. ఇది గౌరవనీయులైన స్త్రీల రక్షణ కోసమే అన్నది హోటల్ వాదన. ఆమె కోర్టుకెక్కింది, ఓడిపోయింది. 1969 ఫిబ్రవరిలో బెట్టీ ఫ్రీడన్, ఆమె సహచరులు ప్లాజా హోటల్‌లోని ఓక్ రూమ్‌కి వెళ్లి కూర్చున్నారు. పనిరోజుల్లో మధ్యాహ్నం పూట అది మగవాళ్లకే పరిమితం. వెయిటర్లు వాళ్ల ముందున్న బల్లని ఎత్తుకెళ్లిపోయారు. బల్ల లేకుండా కుర్చీల్లో మిగిలిన ఆ స్త్రీల దృశ్యం ఎన్ని వ్యాసాల కంటే స్పష్టంగా విషయం చెప్పిందో! కొద్ది నెలల్లోనే ఆ నియమం పోయింది.

తలుపు దాటి లోపలికి వెళ్తే మెనూ ఉంటుంది. ఐరోపా, అమెరికాల్లోని ఖరీదైన రెస్టారెంట్లలో చాలాకాలం రెండు రకాల మెనూలు ఉండేవి. మగవాళ్లకిచ్చేదాంట్లో ధరలు ఉండేవి, ఆడవాళ్లకిచ్చేదాంట్లో ఉండేవి కావు. దాన్ని లేడీస్ మెనూ అనేవారు. ఆమె ధర చూసి మొహమాటపడకుండా తనకిష్టమైంది కోరుకోవాలట. 1980లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఒక స్త్రీ తన వ్యాపార భాగస్వామిని లోరాంజరీ అనే ఫ్రెంచ్ రెస్టారెంట్‌కి విందుకి తీసుకెళ్లింది. పిలిచింది ఆమె, డబ్బు కట్టాల్సింది ఆమె. ధరల మెనూ మాత్రం ఆయన చేతికిచ్చారు. గ్లోరియా ఆల్‌రెడ్ న్యాయవాదిగా వాళ్లు కేసు వేశారు. రెస్టారెంట్ ఆ పద్ధతి మానుకోవడంతో కేసు ఉపసంహరించుకున్నారు. ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోనక్కర్లేదు. 2019లో పెరూ రాజధాని లిమాలో లా రోసా నావుటికా అనే రెస్టారెంట్‌కి ఇదే కారణంగా అక్కడి అధికారులు భారీ జరిమానా వేశారు.

ధర కనిపించకపోవడం చిన్న విషయంలా అనిపించవచ్చు. కానీ ధర తెలియని మనిషి నిర్ణయం తీసుకునే మనిషి కాదు. ఆమె అతిథి, లేదా ఆధారపడినది. అమెరికాలో సమాన రుణావకాశాల చట్టం వచ్చింది 1974లో. అంతకుముందు పెళ్లయిన స్త్రీ తన పేరున క్రెడిట్ కార్డు అడిగితే భర్త సంతకం తెమ్మనడం మామూలు. ధరల్లేని మెనూ, భర్త సంతకం కోరే బ్యాంకు ఒకే ఆలోచన నుంచి వచ్చినవి.

మన దగ్గర రెండు మెనూల ఆచారం లేదు గానీ ఆ ఆలోచన ఉంది. కొన్నేళ్ల కిందట మా సీనియర్ ఒకావిడ పుట్టినరోజుకి నగరంలో ఒక ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్లాం. అయిదుగురం ఆడవాళ్లం, అందరం ఉద్యోగస్థులమే. మాతో ఎం.ఫిల్. చేస్తున్న కుర్రాడొకడు. వాడికప్పటికి ఫెలోషిప్ డబ్బులు కూడా రాలేదు. బిల్లు తెమ్మని చెప్పింది ఆవిడే. తోలు అట్టలో పెట్టిన బిల్లు తిన్నగా వచ్చి ఆ కుర్రాడి ముందు వాలింది. వాడు బిక్కమొహం వేసి, "మేడమ్, మీకే" అని ఆవిడ వైపు జరిపాడు. అందరం నవ్వుకున్నాం. వెయిటర్ తప్పేం లేదు, అతనికి నేర్పిందే అతను చేశాడు. ఆవిడ ముప్ఫై ఏళ్ల సర్వీసు కంటే ఆ కుర్రాడి మగతనమే ఆ బల్ల దగ్గర పెద్ద ఆధారమైంది. నవ్వులో కలిసిపోయింది కాబట్టి ఎవరమూ దాన్ని అవమానం అనలేదు. ఇలాంటివన్నీ నవ్వులోనే కలిసిపోతాయి.

ఇక వంట. ఇటాలియన్ వంటకి ప్రామాణిక గ్రంథంగా చెప్పుకునేది పెల్లెగ్రీనో ఆర్తూసి 1891లో ఫ్లోరెన్స్‌లో సొంత ఖర్చుతో వేసిన పుస్తకం. పేరులోనే వంటింటి విజ్ఞానం, బాగా తినే కళ అని రెండూ చెప్పుకున్నాడు. మొదటి ముద్రణలో 475 వంటకాలుండేవి. ఆయన చనిపోయిన 1911 నాటికి అవి 790 అయ్యాయి. పెరిగినవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఇటలీ నలుమూలల నుంచి పాఠకులు, ముఖ్యంగా గృహిణులు, ఉత్తరాల్లో రాసి పంపారు. వాటిని ఆయన ఇంట్లో పొయ్యి మీద వండి పరీక్షించింది మారియెట్టా సబతీనీ అనే వంటావిడ, ఫ్రాంచెస్కో రుఫిల్లీ అనే వంటాయన. ఆర్తూసి పెళ్లి చేసుకోని సంపన్నుడు, రుచి తెలిసినవాడు, మంచి వచనం రాయగలవాడు. రాసే తీరిక, అచ్చు వేసుకునే డబ్బు ఆయనకున్నాయి. చేతిలో విద్య మారియెట్టాది.

ఆయన కృతఘ్నుడు కాదని కూడా చెప్పాలి. ఒక రకం పనెట్టోనె కేకుకి మారియెట్టా పేరే పెట్టాడు. అది తనకి నేర్పింది ఆమేనని ఒప్పుకున్నాడు. తన తదనంతరం పుస్తకం మీద వచ్చే హక్కుల్ని ఆ ఇద్దరికీ రాసిపోయాడు. ఆయన పుట్టిన ఫోర్లింపోపోలిలో ఇప్పుడు ఇళ్లలో వండే వంటగాళ్లకి ఆమె పేరున బహుమతి ఇస్తున్నారు. అయినా జాతీయ వంటకి పితామహుడు ఆర్తూసి. మాత ఎవరో ఎవరూ అడగరు. కర్తృత్వం అనేది చేసినవాళ్లకి కాదు, రాసినవాళ్లకి దక్కుతుంది. సాహిత్యం చదువుకున్న మనకి ఈ సూత్రం తెలియంది కాదు. జానపద గేయాలు పాడిన స్త్రీల పేర్లు లేకుండా సేకరణకర్త పేరుతో వచ్చిన సంకలనాలు మన లైబ్రరీల్లోనూ ఉన్నాయి.

ఎమీలియా ప్రాంతంలో పొడవాటి కర్రతో పిండిని పల్చగా వత్తే ఆడవాళ్లని స్ఫోలీనె అంటారు. పాస్తా పరువు నిలబడింది వాళ్ల భుజాల మీద. రెస్టారెంట్ వంటగదికి అధిపతి మాత్రం మగవాడే అన్నది చాలాకాలం సహజంగా చలామణీ అయింది. ఫ్లోరెన్స్‌లో ఎనోటెకా పింకియోరి నడిపిన ఆనీ ఫెయోల్డ్ 1993లో, కన్నెటో సుల్లోలియోలో దాల్ పెస్కతోరె వంటగదిని నడిపిన నాదియా శాంటినీ 1996లో మిషెలిన్ మూడు నక్షత్రాలు సాధించారు. నాదియా వంట నేర్చుకున్నది ఏ కళాశాలలోనూ కాదు, భర్త నానమ్మ తెరెసా దగ్గర, అత్తగారు బ్రూనా దగ్గర. 2013లో ఆమెకి ప్రపంచ ఉత్తమ మహిళా షెఫ్ బిరుదు ఇచ్చారు. ఇక్కడ 'మహిళా' అన్న మాట దగ్గర ఆగాలి. ఉత్తమ షెఫ్ అంటే మగవాడు, మహిళా షెఫ్ అంటే వేరే వరస. రచయిత్రుల ప్రత్యేక సంచికలో మాత్రమే గుర్తుకొచ్చే మనకి ఆ వరస ఎక్కడుంటుందో తెలుసు.

చివరికి కేకు, పాట. ప్రపంచమంతా పుట్టినరోజుకి పాడే ఆ నాలుగు వరసల ఇంగ్లీషు పాట బాణీ అమెరికాలోని లూయివిల్‌కి చెందిన అక్కాచెల్లెళ్లు మిల్‌డ్రెడ్ హిల్, పాటీ హిల్‌లది. పాటీ శిశుతరగతుల టీచరు. పిల్లలకి ఉదయాన్నే శుభోదయం చెప్పే పాటగా వాళ్లు కట్టిన ఆ బాణీ 1893లో అచ్చయింది. తర్వాత అది పుట్టినరోజు పాటగా మారి, సినిమాల్లో, నాటకాల్లో వాడకంలోకొచ్చింది. 1934లో వాళ్ల చెల్లెలు జెస్సికా కోర్టుకి వెళ్లాకే హక్కుల మాట బయటికొచ్చింది. అప్పటికి మిల్‌డ్రెడ్ చనిపోయి 18 ఏళ్లయింది. 1988 నుంచి ఆ పాట ఒక పెద్ద సంగీత కంపెనీ ఆస్తి. రాయల్టీ భయంతో అమెరికాలోని అనేక రెస్టారెంట్లు సిబ్బంది చేత వేరే పాటలు పాడించాయి. 2015లో కోర్టు ఆ కంపెనీ హక్కు చెల్లదని తేల్చింది. 2016లో 1.4 కోట్ల డాలర్ల రాజీతో పాట అందరిదీ అయింది. అందరిదీ కావడం మంచిదే. అయితే కోట్లు సంపాదించినంత కాలం అది కంపెనీది, ఉచితమయ్యాక ప్రజలది. ఆ టీచర్లది ఎప్పుడైంది?

పాడే సిబ్బంది గురించి కూడా ఒక మాట. అమెరికాలో టిప్పు మీద బతికే ఉద్యోగులకి కేంద్ర చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు. ఆ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. మిగతాది టిప్పుతో నింపుకోవాలి గనక, వెకిలి మాటలకి కూడా నవ్వాల్సి వస్తుంది. విందు బల్ల దగ్గర ఒక స్త్రీ ఆనందం మరో స్త్రీ బలవంతపు నవ్వు మీద నిలబడి ఉండవచ్చు. స్త్రీలందరం ఒకటే అనుకునే తొందరలో ఈ తేడాని చూడకపోతే మన చరిత్ర కూడా ఆర్తూసి పుస్తకంలాగే తయారవుతుంది.

ఇదంతా విందులకి వెళ్లొద్దని చెప్పడానికి కాదు. తెర వెనక కూర్చోమంటే కాదని బల్ల దగ్గరికొచ్చిన వాళ్ల వారసత్వం మనది, వెళ్లాల్సిందే. బయట భోజనానికి బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్లకి అన్నం వండి, పెరుగు తోడుపెట్టి వెళ్లే ఆడవాళ్లకి ఆ రెండు గంటల విలువ బాగా తెలుసు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటల్ని చరిత్రగా నిలబెట్టింది. పోరాటాలకి చేసిన ఆ పని పొయ్యికి, పురిటి మంచానికి, హోటల్ బిల్లుకి ఇంకా పూర్తిగా చేయలేదు. ఆంజెలీనా తన పూటకూళ్ల ఇంట్లో రోజూ ఏం వండేదో, ఎంతకి అమ్మేదో ఎవరైనా ఆమెనే అడిగి రాసుకుని ఉంటే రోమ్ కథ మరోలా ఉండేది. మన ఊళ్లలో మెస్సులు నడిపిన వితంతువులు, కాన్పులకి పథ్యాలు వండిపెట్టిన పెద్దమ్మలు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్లని అడగడానికి రాజులెవరూ రారు. ఆ పని మనమే చేసుకోవాలి, వాళ్లుండగానే.