ఫ్రీజరులో పదేళ్లు - ఎబోలా టీకా కథ



కొత్త జబ్బేదో వచ్చిందని పేపర్లో చదవగానే మనం మొట్టమొదట అడిగే మాట, "దీనికి మందు కనిపెట్టారా?" అని. కరోనా రోజుల్లో అందరం అడిగాం. ఏడాది తిరక్కుండానే టీకా వచ్చింది కూడా. అయితే కనిపెట్టటం వేరు, కనిపెట్టింది మనిషి జబ్బకు చేరటం వేరు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం వుంటుందో తెలియాలంటే ఎబోలా టీకా కథ వినాలి.

1976లో, అప్పట్లో జైర్ అని పిలిచిన కాంగో దేశంలో, యాంబుకు అనే అడవి వూళ్లో బెల్జియం నుంచి వచ్చిన సిస్టర్లు ఒక ఆసుపత్రి నడుపుతుండేవారు. డాక్టరు లేడు. రోజూ పొద్దున్నే నర్సులకు ఐదు సిరంజిలు, ఐదు సూదులు ఇచ్చేవారు. ఆ ఐదింటితోనే రోజంతా వచ్చినవాళ్లందరికీ ఇంజక్షన్లు. మధ్య మధ్య గోరువెచ్చని నీళ్లలో జాడించటం, అంతే. కడుపుతో వున్నవాళ్లు నెల నెలా చూపించుకోవటానికి వచ్చి, ఆ సూదులే పొడిపించుకుని, జ్వరం వెంట తీసుకుని ఇంటికెళ్లారు. 318 మందికి జబ్బు సోకితే 280 మంది చనిపోయారు. ఆసుపత్రిలో పనిచేసే 17 మందిలో 11 మంది పోయారు. మేలు చెయ్యాలని ఎత్తిన చేతితోనే చావు వచ్చిందంటే ఏమనాలి!

మొదట్లో అక్కడికి వెళ్లిన డాక్టర్లలో ఒకరు ఆ దేశంవాడే, జాన్ జాక్ ముయెంబే అనే ఆయన. చేతికి తొడుగుల్లేకుండానే రోగుల దగ్గర రక్తం తీశారు. తరవాత సబ్బుతో కడుక్కున్నారు, బతికారు. జబ్బుపడిన ఒక సిస్టరు రక్తాన్ని మామూలు థర్మాస్ ఫ్లాస్కులో పెట్టి విమానంలో బెల్జియం పంపారు. చేరేసరికి లోపల ఒక గాజు గొట్టం పగిలి, కరిగిన ఐసు నీళ్లలో రక్తం కలిసిపోయి వుంది. అందులోనే కొత్త వైరస్ కనిపించింది. ఆ వూరి పేరు పెడితే వూరికి చెడ్డపేరు వస్తుందని, ఆ ప్రాంతంలో పారే ఎబోలా నది పేరు పెట్టారు. అదే ఏడు సూడాన్‌లో కూడా ఇలాంటి జబ్బే చెలరేగింది. రెండూ ఒకటే అనుకున్నారు గానీ కావు, అక్కచెల్లెళ్లలాంటివి. ఈ సూడాన్ చెల్లెల్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక టీకా సంగతి. పశువులకూ గుర్రాలకూ నోట్లో పొక్కులు పుట్టించే వైరస్ ఒకటుంది. చూడటానికి మన గాలికుంటులాగే వుంటుంది గానీ అది వేరు. మనుషులకు దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. కెనడాలో విన్నిపెగ్ నగరపు ప్రభుత్వ ప్రయోగశాలలో హైంజ్ ఫెల్డ్‌మన్, స్టీవెన్ జోన్స్ అనే శాస్త్రజ్ఞులూ వారి సహచరులూ ఆ పశువుల వైరస్ పైతొడుగు తీసేసి, దానికి ఎబోలా పైతొడుగు వేశారు. చొక్కా మార్చినట్టు అన్నమాట. మన ఒంట్లోని కాపలావాళ్లు ఆ చొక్కాను చూసి గుర్తుపెట్టుకుంటారు. రేపు అసలు దొంగ వస్తే పట్టేస్తారు. 2005లో ఫలితాలు ప్రకటించారు: ఒక్క మోతాదు వేసిన కోతులన్నీ ఎబోలా నుంచి తప్పించుకున్నాయి.

అక్కడితో కథ ఆగిపోయింది. మనుషుల మీద పరీక్షించాలంటే చాలా డబ్బు కావాలి. జబ్బు వచ్చేది ఎప్పుడో ఒకసారి, అదీ ఆఫ్రికా అడవి పల్లెల్లో. కొనేవాడు లేని సరుకు మీద ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుంది? 2009లో జర్మనీ ప్రయోగశాలలో ఒకరికి పొరపాటున ఎబోలా సూది గుచ్చుకుంటే మాత్రం, ఇదే టీకాను హుటాహుటిన విమానంలో తెప్పించి వేశారు. ఆ మనిషి క్షేమంగా బయటపడ్డారు, మంచిదే. కానీ యాంబుకు లాంటి వూళ్లకి మాత్రం అది ఇంకా అయిదేళ్లు ఫ్రీజరులోనే వుంది. తెలివి తక్కువై కాదు సుమండీ.

2013 డిసెంబరులో గినీ దేశంలోని ఒక పల్లెలో పసిబిడ్డతో మొదలై, లైబీరియా, సియెర్రా లియోన్‌లకు పాకింది. 28,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. అప్పుడు కదిలారు అందరూ. 2014 నవంబరులో మెర్క్ అనే పెద్ద కంపెనీ టీకాను చేపట్టింది. 2015 మార్చిలో గినీలో పరీక్ష మొదలైంది.

ఆ పరీక్ష చేసిన తీరు మనకు కొత్తది కాదు. మా అమ్మమ్మ జబ్బ మీద రూపాయి బిళ్లంత టీకా మచ్చ వుండేది. మశూచిని, అదే, పెద్దమ్మవారిని మన దేశం నుంచి సాగనంపింది ఊరందరికీ టీకాలు వెయ్యటం ఒక్కటే కాదు. బొమ్మ కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, రోగిని కనిపెట్టి, ఆ రోగి చుట్టూ వున్నవాళ్లకు ముందు టీకాలు వేసి గిరి గీసేశారు. కేసు చూపించినవాళ్లకు బహుమతి కూడా ఇచ్చేవారు. 1975 మేలో చివరి కేసు అస్సాంలో కనిపించి, అంతటితో ఆగింది. నలభై ఏళ్ల తరవాత గినీలోనూ అదే గిరి. అయితే పరీక్ష కదా, కొన్ని గిరుల్లో వెంటనే వేశారు, కొన్నిట్లో 21 రోజులాగి వేశారు. ఆ ఆగినవాళ్లను తలుచుకుంటే నాకు మనసొప్పదు, అలా పోల్చి చూడకపోతే నిజం తేలదని తెలిసినా సరే. టీకా వేసిన 5,837 మందిలో పది రోజులు దాటాక ఒక్కరికీ జబ్బు రాలేదు. టీకా పడనివాళ్లలో 23 మందికి వచ్చింది. జూలైలో ఆ ఆగటాలు మానేసి అందరికీ వెంటనే వెయ్యటం మొదలుపెట్టారు.

అందరికీ అన్నానా? కడుపుతో వున్నవాళ్లకూ పాలిచ్చే తల్లులకూ వెయ్యలేదు. ఇది బతికివున్న వైరస్‌తో చేసిన టీకా, బిడ్డకేమవుతుందోనని జాగ్రత్త. జాగ్రత్త మంచిదే గానీ, ఇంట్లో జ్వరంతో పడుకున్నవాడికి వాంతులెత్తేదెవరు, దుప్పట్లు ఉతికేదెవరు, శవానికి స్నానం చేయించేదెవరు? 2018లో కాంగో తూర్పు ప్రాంతంలో మళ్లీ చెలరేగినప్పుడు రోగుల్లో సగానికి పైగా ఆడవాళ్లే. అప్పటికీ వాళ్లను పక్కన పెట్టారు. 2019లో గానీ నిపుణులు ఒప్పుకోలేదు. మైనస్ 60 డిగ్రీల చలిలో దాచాల్సిన ఆ మందును, కరెంటు లేని పల్లెలకు పెద్ద పెద్ద ఫ్లాస్కుల్లాంటి డబ్బాల్లో మోసుకెళ్లి, మూడు లక్షల మందికి పైగా వేశారు. అన్నట్టు, 2019 జూలై నుంచి ఆ పనికి పెద్ద, వెనకటి ముయెంబే గారే. ఆ ఏడాది చివర ఐరోపాలోనూ అమెరికాలోనూ టీకాకు అనుమతి వచ్చింది. 1976 నుంచి లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు ఆ సూడాన్ చెల్లెలు. ఎబోలా టీకా దీనికి పనిచెయ్యదు, చొక్కా వేరు కదా. 2022 సెప్టెంబరులో ఉగాండాలో వచ్చింది. పరీక్షించవలసిన టీకాలు ఆ దేశానికి చేరింది డిసెంబరు 8న. అప్పటికి ఆఖరి రోగి ఇంటికి వెళ్లిపోయి వారం దాటింది, 55 మంది చనిపోయారు. ఆ తరవాత టీకా మోతాదుల్ని ముందే తెచ్చి దేశంలో దాచిపెట్టుకున్నారు. 2025 జనవరి 30న రాజధాని కంపాలాలో మళ్లీ ఆ జబ్బు వచ్చిందని ప్రకటించారు. ఫిబ్రవరి 3న, అంటే నాలుగు రోజులకే, రోగి చుట్టూ వున్నవాళ్లకు సూది వెయ్యటం మొదలైంది.