జూమ్ లెన్స్ టెస్ట్ చేయబోయి బేగంపేట దాకా వెళ్లాను: చుక్కల ఫొటోల కథ

ఈ ఎపిసోడ్ తిరువూరులో మా డాబా మీద మొదలై హైదరాబాద్ బేగంపేట దాకా వెళ్తుంది. కొంచెం ఓపిక పట్టండి.

కొత్త జూమ్ లెన్స్ కొన్నాను. 55 నుంచి 200 ఎంఎం. ఈఎంఐ మీదే, దాచడం ఎందుకు? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టాక నేను పెట్టిన అతి పెద్ద ఖర్చు ఇదే. రిటర్న్ గడువు పది రోజులు. ఈలోపు ఇది మంచి పీసో తేడా పీసో తేల్చుకోవాలి. కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఒక్క పీస్ చూసి కంపెనీ మొత్తాన్ని అనడం కరెక్ట్ కాదు.

ముందు అందరూ చేసేదే చేశాను. న్యూస్‌పేపర్ గోడకి అతికించాను. "చదవకముందే అతికించేశావేంట్రా" అని నాన్న అరిచారు, అది వేరే విషయం. తెలుగు పేపర్ ఈ పనికి భలే పనికొస్తుంది. ద, ధ అక్షరాలకి తేడా కింద ఉండే చిన్న గీతే కదా. క్లాసిఫైడ్స్‌లోని బుల్లి అక్షరాల్లో ఆ గీత కనిపించిందంటే లెన్స్ పాసైనట్టే. ట్రైపాడ్ పెట్టి, రెండు సెకండ్ల టైమర్ పెట్టి, స్టెబిలైజేషన్ ఆఫ్ చేసి తీశాను. ఫ్రేమ్ మధ్యలో అంతా బాగుంది. 200 దగ్గర పై కుడి మూలలో మాత్రం "ధర" కాస్తా "దర" అయిపోయింది.

అయితే తప్పు లెన్స్‌దేనా? పేపర్ ఆ మూలన గోడ నుంచి కాస్త లేచి ఉండొచ్చు. కెమెరా గోడకి సరిగ్గా ఎదురుగా లేకపోవచ్చు. ఇలాంటి అనుమానాలు లేని టార్గెట్ కావాలంటే తల పైకెత్తాలి. నక్షత్రాలన్నీ లెన్స్ లెక్కలో ఒకే దూరంలో, అనంతంలో ఉన్నట్టే. పైగా ఒక్కోటీ ఒక్కో చుక్క. మంచి లెన్స్ చుక్కని చుక్కలాగే చూపిస్తుంది. తేడా లెన్స్ అయితే మూలల్లో దానికి తోక మొలిపిస్తుంది.

ఈ టెస్ట్ నేను కనిపెట్టింది కాదండి. ఇంగ్లాండ్‌లో యార్క్ అనే ఊళ్లో టి. కుక్ అండ్ సన్స్ అని టెలిస్కోపుల కంపెనీ ఉండేది. అక్కడ పనిచేసిన హెచ్. డెన్నిస్ టేలర్, నక్షత్రాన్ని చూసి లెన్స్ పరీక్షించడం ఎలాగో వివరిస్తూ 1891లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. 1893లో మూడే మూడు గాజులతో మూలల దాకా షార్ప్‌గా ఉండే కెమెరా లెన్స్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అదే కుక్ ట్రిప్లెట్. దాన్ని కుక్ పేరుతోనే వేరే కంపెనీ టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ తయారుచేసింది. సినిమాలకి తొలి జూమ్ లెన్సుల్లో ఒకటైన 1932 నాటి కుక్ వారో కూడా వాళ్లదే. స్టిల్ కెమెరాకి జూమ్ రావడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది. అది వోయిట్‌ల్యాండర్ జూమార్, 36 నుంచి 82 ఎంఎం. జూమ్ ఎందుకంత ఆలస్యం అంటే, లోపలి గాజులు కదులుతుంటాయి కాబట్టి. ఒక ఫోకల్ లెంగ్త్ దగ్గర సరిచేసిన తప్పు ఇంకో దగ్గర బయటపడుతుంది.

ఆ యార్క్ కంపెనీ చేసిన ఒక కెమెరా మన హైదరాబాద్‌కి వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ అనే సంపన్నుడు సొంత డబ్బుతో ఇంగ్లాండ్ నుంచి టెలిస్కోపులు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టాడు. దానికి నిజామియా అని పేరు పెట్టించింది కూడా ఆయనే. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది. అది బేగంపేటకి మారింది. ఆర్థర్ చాట్‌వుడ్ డైరెక్టర్. అక్కడున్నదే 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. సింపుల్‌గా చెప్పాలంటే ఆకాశం ఫొటోలు తీయడానికే కట్టిన పెద్ద ప్రైమ్ లెన్స్ కెమెరా.

ఇంతకీ దానితో ఏం పని? 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమై, మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి కొలుద్దామని నిర్ణయించారు. అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణాన మైనస్ 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకి ఇచ్చారు. అక్కడ పని జరగలేదు. అది హైదరాబాద్ చేతికొచ్చింది. మన సిరియస్ నక్షత్రానికి కాస్త దక్షిణంగా మొదలవుతుంది ఆ పట్టీ. 1914 నుంచి రాబర్ట్ పోకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరన్ ఈ పని నడిపించారు. భాస్కరన్ ఆ అబ్జర్వేటరీకి తొలి భారతీయ డైరెక్టర్. తర్వాత జర్మనీలోని పాట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల భాగం కూడా మనవాళ్లే పూర్తిచేశారు.

ఇక్కడ లెక్క చూడండి. గాజు ప్లేట్ మీద 1 మిల్లీమీటర్ అంటే ఆకాశంలో 1 ఆర్క్ మినిట్. ఇది ప్రాజెక్ట్ రూల్. అలా రావాలంటే ఫోకల్ లెంగ్త్ దాదాపు 3,440 ఎంఎం ఉండాలి. నా లెన్స్‌కి 17 రెట్లు! ఒక ప్లేట్‌లో పట్టేది అటు 2 డిగ్రీలు, ఇటు 2 డిగ్రీలు. పైగా భూమి తిరుగుతుంటుంది కదా. నా 200 ఎంఎంలోనే ఒక్క సెకండ్ ఎక్స్‌పోజర్‌కి నక్షత్రం మూడు నాలుగు పిక్సెళ్లు జరిగిపోతుంది. వాళ్లవి నిమిషాల ఎక్స్‌పోజర్లు. గడియారం లాంటి యంత్రం టెలిస్కోప్‌ని తిప్పుతుంటే, మనిషి పక్కనున్న ఇంకో గొట్టంలో కన్నుపెట్టి చుక్క జారకుండా కాపలా కాయాలి. తర్వాత ప్రతి చుక్కనీ మైక్రోస్కోప్ కింద పెట్టి చేత్తో కొలవాలి.

ఇప్పుడు మూల సంగతి. మూలలో చుక్కకి తోక వస్తే దాని మధ్య ఎక్కడని కొలుస్తారు? ప్రకాశం ఎక్కువున్న నక్షత్రానికి తోక కూడా పొడుగు. అంటే అది అసలు చోటు నుంచి ఇంకా పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. దీనికి ఆ ప్రాజెక్ట్‌లో వేసిన ప్లాన్ నాకు పిచ్చిపిచ్చిగా నచ్చింది. ఒక ప్లేట్ మూల ఇంకో ప్లేట్‌కి సెంటర్ అయ్యేలా మొత్తం ఆకాశాన్ని రెండుసార్లు తీశారు. మూలని గుడ్డిగా నమ్మలేదు, వదిలేయనూ లేదు.

ప్రపంచవ్యాప్తంగా 22,000 పైగా ప్లేట్లు. పని ఎంత సాగిందంటే, ఇదంతా పాతకాలపు వృథా శ్రమ అన్నవాళ్లూ ఉన్నారు. 1989లో హిప్పార్కోస్ ఉపగ్రహం ఎగిరింది. నక్షత్రం ఎంత వేగంగా కదులుతోందో తెలియాలంటే ఇప్పటి చోటు ఒక్కటే సరిపోదు, ఎప్పుడో పాతకాలంలో ఎక్కడుందో కూడా కావాలి. అప్పుడు ఆ పాత కొలతలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు, మూలల తప్పులు లెక్కగట్టి తీసేశారు. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్‌లో 25 లక్షల నక్షత్రాల కదలికలకి ఆధారాల్లో ముఖ్యమైనవి ఆ ప్లేట్ల కొలతలే. అందులో బేగంపేట చుక్కలూ ఉన్నాయి. చూసుకోవడానికి భాస్కరన్ లేరు, అంతే.

ఊరు పెరిగి వెలుతురు ఎక్కువైంది. 1968లో ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్‌ని నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టింది. బేగంపేటలో పాత భవనం ఇప్పుడు శిథిలంగా నిలబడి ఉంది. నాకైతే కడుపు మండుతుంది.

సరే, మా డాబాకి వద్దాం. ఊరి లైట్లు కాస్త తగ్గాక కృత్తికల గుంపుని పట్టుకున్నాను. ముందు సెంటర్‌లో, తర్వాత ఒక్కో మూలలో. పావు సెకండ్ ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ బాగా పెంచి. మూడు మూలల్లో చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. పై కుడి మూలలో ప్రతిదానికీ తోక. కెమెరాని తలకిందులు చేసి మళ్లీ తీశాను. తోక అదే మూలలో! డిజైన్ లోపమైతే నాలుగు మూలల్లోనూ ఒకేలా ఉండాలి. ఒక్క మూలలోనే ఉందంటే లోపల ఏదో గాజు పక్కకి ఒరిగి ఉన్నట్టు. గోడ మీద "దర" కూడా దాని పనే.

క్రాప్ చేసుకుని వాడేద్దామా అని ఒక రాత్రంతా ఆలోచించాను. వద్దనుకున్నా. తొమ్మిదో రోజు ప్యాక్ చేసేశాను. రేపు పొద్దున కొరియర్ అబ్బాయి వస్తాడు. బదులు పీస్ వచ్చాక, పేపర్ నాన్న చదివేశాకే గోడకి అతికిస్తాను.