రెండు సూర్యోదయముల ప్రయాణము

ఫలానా ఊరు ఎంత దూరమని అడిగినచో మన పల్లెలలోని పెద్దలు మైళ్ల లెక్క చెప్పెడివారు కారు. 'ఒక పూట నడక', 'పొద్దుగూకువేళకు చేరుదువు' అని కాలముతో బదులు చెప్పెడివారు. విమానయాన చరిత్రను చూచినకొలది ఆ లెక్కయే సరియైనదని మాకు తోచుచున్నది. ఆస్ట్రేలియాకును ఇంగ్లండునకును నడుమనున్న మార్గమే ఇందులకు నిదర్శనము.

1935లో ఈ మార్గమున ప్రయాణికుల విమానములు నడువనారంభించెను. బ్రిస్బేను నుండి లండను చేరుటకు 12½ దినములు పట్టెడిది. కలకత్తా, అలహాబాదు, ఢిల్లీ, జోధ్‌పూరు, కరాచీ నగరములు దారిలో మజిలీలు. యూరపులో కొంతదూరము రైలుబండిలోనే పోవలసియుండెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమగుటతో ఈ దారి తెగిపోయెను.

తెగిన దారిని ముడివేయుటకు 1943లో క్వాంటస్ సంస్థవారు సాహసించిరి. పెర్తు నగరమున స్వాన్ నదిపైనుండి లేచి, నాటి సింహళమున, అనగా నేటి శ్రీలంకలో, గాలే పట్టణమునకు చేరువనున్న కొగ్గల సరస్సుపై దిగవలెను. నడుమ హిందూమహాసముద్రము సుమారు 3,500 మైళ్లు. నీటిపై వ్రాలు కాటలినా విమానమునకు అది 27 గంటలకు పైబడిన ప్రయాణము. ఒకప్పుడు 32 గంటలును దాటెను. పెట్రోలు బరువు అధికమగుటచే ముగ్గురు ప్రయాణికులకును, 69 కిలోల తపాలాకును మాత్రమే చోటుండెడిది. ఆ ప్రయాణికులు నడిసముద్రముపై రెండు సూర్యోదయములను చూచెడివారు. 'రెండు సూర్యోదయముల రహస్యసంఘము'న చేరినట్లు వారికొక పత్రము నొసంగెడివారు.

అది యుద్ధకాలము. శత్రువులు పసిగట్టుదురను భయముచే విమానములోని రేడియో మౌనము వహింపవలసియుండెను. నావికులు నక్షత్రములను చూచి దారి తెలిసికొనిరి. మాటను దూరతీరములకు చేర్చుటయే వృత్తిగాగల మాకు, ఒక్క మాటయైనను పంపలేని ఆ సుదీర్ఘరాత్రి ఎట్టిదో ఊహించుటయే కష్టము. ఐనను 1945 జూలై వరకు వారు 271 పర్యాయములు సముద్రమును దాటిరి. ఒక్క ప్రాణమైనను పోలేదు.

యుద్ధానంతరము, 1947 డిసెంబరు 1న, కాన్‌స్టెలేషను విమానము 29 మంది ప్రయాణికులతో సిడ్నీ విడిచి, డార్విను, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుచు నాలుగు దినములలో లండను చేరెను.

2018 మార్చి 24న పెర్తు నుండి లేచిన బోయింగు విమానము ఎచ్చటను దిగక 14,498 కిలోమీటర్లు, అనగా సుమారు 9,000 మైళ్లు, 17 గంటలలో దాటెను. సూర్యాస్తమయానంతరము బయలుదేరి, పడమటి దిశకు సాగుటచే రాత్రి నిడివి పెరుగగా, తెల్లవారకమునుపే లండనులో దిగెను. అందలి ప్రయాణికులు ఒక్క సూర్యోదయమునైనను చూడలేదు.

భూమి కుంచించుకొనిపోలేదు; పెర్తు, లండను నగరములు తమ తావులనే యున్నవి. తగ్గినది కాలము. నేడు హాయిగా నిద్రించుచు ఆ సముద్రమును దాటువారు, నక్షత్రముల వెలుగున మౌనముగా దారి వెదకినవారిని ఒకమారు తలచుట ధర్మము.