చీటీ లేని నడక

మారిషస్‌లోని మోకా నుంచి ల్ పూస్ కొండ ఎక్కేవాళ్లకు ఇవాళ ఒక నీళ్ల సీసా, కాగితంలో చుట్టిన రెండు దాల్‌పూరీలు ఉంటే చాలు. గైడుతో పనిలేదు. చెరకు తోటల మధ్య మట్టిబాట పట్టుకుని, ఎదురుగా బొటనవేలులా నిలబడ్డ శిఖరాన్ని చూస్తూ నడిస్తే సరిపోతుంది. ఫ్రెంచిలో పూస్ అంటే బొటనవేలే.

1867 తర్వాత కొన్నేళ్ల పాటు ఈ దారుల్లో నడిచే భారతీయ కూలీ దగ్గర ఇంకొకటి ఉండాల్సి వచ్చేది. అది ఫొటో అంటించిన చీటీ. ఒప్పందపు గడువు తీరి, ఎవరి కిందా పనిచేయనివాడైనా సరే, నమోదైన జిల్లా దాటాలంటే కాగితం చూపించాలి. లేకపోతే దేశదిమ్మరి అన్న నేరం మోపి పట్టుకుపోయేవారు. మారిషస్ మొత్తం కలిపినా సుమారు 65 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పు. అంత చిన్న దీవిలో పక్క ఊళ్లో ఉన్న అన్నను చూసి రావడం కూడా నేరమైన రోజులవి. ఈనాడు పర్యాటకులు మెచ్చుకునే కాలిబాటల చరిత్ర తెలుసుకోవాలంటే ఆ చీటీ దగ్గర మొదలుపెట్టాలి.

1834 నవంబరు 2న కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలను పోర్ట్ లూయీ రేవులో దించింది. మూడు నెలలకే, 1835 ఫిబ్రవరి 1న, దీవిలో బానిసత్వం రద్దయింది. చెరకు మాత్రం మనుషుల కోసం ఎదురుచూస్తూనే ఉంది. నెలకు అయిదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు ఇస్తామన్న ఒప్పందాల మీద తరువాతి దశాబ్దాల్లో దాదాపు అయిదు లక్షల మంది భారతదేశం నుంచి వచ్చారు. వాళ్లు దిగిన రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మెట్లున్న, 1849లో కట్టిన వలస డిపోనే నేటి ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పక్కనే ఉత్తరాది బస్సులు ఆగే కూడలిని ఇమ్మిగ్రేషన్ స్క్వేర్ అంటారు. రోజూ బస్సు కోసం పరుగెత్తేవాళ్లు ఆ పేరును ఎంత మామూలుగా పలుకుతారో!

వచ్చినవాళ్లలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరే వాళ్లకు జాతి పేరయింది. మారిషస్‌లో తెలుగువాళ్లను చాలాకాలం కోరంగీలనే పిలిచారు. 1839 తుపాను ఆ రేవును దాదాపు తుడిచిపెట్టింది. ఇక్కడ పాడుబడ్డ రేవు అక్కడ మనుషుల పేరుగా బతికింది. రామభజనం, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ వాళ్లు మరిచిపోలేదు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా అక్కడే.

పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్లో నిలబడితే ఈ కథంతా వాసనగా తగులుతుంది. దాల్‌పూరీని బెల్లం లేని బొబ్బట్టు అనుకోవచ్చు. ఉడికించి పొడిచేసిన పప్పును పల్చటి పిండిలో పొదిగి, పెనం మీద కాల్చి, చిక్కుడుగింజల కూర, టమాటా రుగాయ్, పచ్చడి రాసి జతగా చుట్టిస్తారు. ఒకటే కావాలంటే దుకాణదారుడు వింతగా చూస్తాడు. మన మసాలా వడకు తమ్ముడైన గాతో పిమాను వెన్న రాసిన ఫ్రెంచి రొట్టెలో పెట్టుకుని పొద్దున్నే తింటారు. రసం అక్కడ రసోన్ అయింది. కరివేపాకు కరిపులే అయింది. బీరకాయ పిపంగాయ్ అయింది. మునగాకు బ్రెద్ మురూమ్ అయి ఫ్రెంచి, తమిళ మాటలను ఒకే కట్టగా కట్టింది. దక్షిణాది పెళ్లిళ్లలో అరిటాకు మీద వడ్డించే ఏడు కూరల భోజనం పేరు సెత్ కారి. ఏ వంటల పుస్తకమూ లేకుండా, కొలత ప్రకారం ఇచ్చిన బియ్యం పప్పులతో, ఎవరో అమ్మమ్మలు నిలబెట్టిన రుచులివి. దీవి చూడ్డానికి వెళ్లినవాళ్లు హోటల్ బఫే దగ్గరే ఆగిపోతే సగం చరిత్ర తినకుండా తిరిగొచ్చినట్టే.

మళ్లీ కొండ దగ్గరికి వస్తే, 1836 మేలో ల్ పూస్ ఎక్కినవాళ్లలో ఒక ఇరవైఏడేళ్ల ఆంగ్లేయుడు ఉన్నాడు. పేరు చార్లెస్ డార్విన్. భారతదేశం నుంచి జీవితఖైదు మీద పంపిన దాదాపు 800 మంది ఖైదీలు అప్పట్లో దీవిలో ప్రభుత్వ పనులు చేస్తున్నారని ఆయన తన యాత్రాగ్రంథంలో రాశాడు. 1815 నుంచి తెచ్చిన అలాంటి ఖైదీలే అక్కడి రోడ్లు వేశారు. 812 మీటర్ల ఆ శిఖరం మీంచి కిందికి చూస్తే చెరకు పచ్చదనం మధ్య నల్లరాళ్ల గుట్టలు అక్కడక్కడా కనిపిస్తాయి. అగ్నిపర్వతం చిమ్మిన ఆ బండలను ఏరి, మోసి, పేర్చింది బానిసలూ కూలీలూ. ఫొటోల్లో అవి ఏదో ప్రాచీన కట్టడంలా అందంగా ఉంటాయి. ఒక్కో గుట్ట ఎన్ని వీపుల బరువో!

కొండకు దక్షిణాన మోకా జిల్లా. అక్కడి నువెల్ దెకువెర్త్ తోటను చూసుకునే అడాల్ఫ్ ద ప్లెవిట్స్ చీటీల చట్టాన్ని చూసి ఊరుకోలేకపోయాడు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే డబుల్ కట్‌నూ ఆయన ఒప్పుకోలేదు. రాజరత్నం ముదలియార్ సాయంతో తయారైన వినతిపత్రం మీద 9,401 మంది పాత కూలీలు సంతకాలు పెట్టారు. 1871 జూన్‌లో అది గవర్నరుకు అందింది. తోటల యజమానులు ద ప్లెవిట్స్‌ను దీవి నుంచి వెళ్లగొట్టాలన్నారు. పోర్ట్ లూయీ వీధిలో ఆయన మీద చెయ్యి కూడా చేసుకున్నారు. అయినా 1872లో బ్రిటిష్ రాయల్ కమిషన్ వచ్చింది, చట్టంలో మార్పులు వచ్చాయి. కూలీల రిజిస్టర్లూ ఫొటోలూ ఇప్పుడు అదే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మునిమనవలు అక్కడికొచ్చి తాతల ముఖాలు వెతుక్కుంటారు. ఒకనాడు పోలీసు అడిగితే చూపించడానికి తీసిన ఫొటోనే ఇవాళ ఇంట్లో పటం కట్టుకుంటున్నారు.

నైరుతి మూలన నడక మరింత బరువెక్కుతుంది. బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ ఉద్యానవనంలో మిగిలిన నల్లచేవ చెట్ల అడవి, దాని దిగువన సముద్రంలోకి పొడుచుకొచ్చిన 556 మీటర్ల ల్ మోర్న్ బండ, తోటల నుంచి పారిపోయిన బానిసలకు దాక్కునే చోట్లు. 1723 నాటి ఫ్రెంచి శాసనం ప్రకారం మొదటిసారి పారిపోయి దొరికితే చెవులు కోసేవారు. రెండోసారి దొరికితే మోకాలి వెనక నరం కోసేవారు, ఇక పరుగెత్తకుండా. మూడోసారి మరణమే. స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి సిపాయిలు కొండెక్కుతుంటే, పట్టుకోడానికే వస్తున్నారనుకుని కొందరు లోయలోకి దూకేశారని అక్కడి క్రియోల్ కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటున్నాయి. 2008లో ల్ మోర్న్ కూడా వారసత్వ జాబితాలో చేరింది. సగం దూరం దాకా దారి సులువు. ఆ పైన చేతులతో రాయి పట్టుకుని పాకాలి. పైనుంచి కనిపించే ఆకుపచ్చ, నీలి నీళ్లు చూసి మనసు ఊరట చెందుతుందో, ఇంకా కలత పడుతుందో చెప్పడం కష్టం.

దీవి మధ్యలో అగ్నిపర్వత బిలంలో నిండిన చెరువు ఒకటుంది. పేరు గ్రాండ్ బాసిన్. 1898లో ఉత్తరాన ఉన్న ట్రియోలె ఊరి నుంచి ఒక చిన్న భక్తబృందం అక్కడికి కాలినడకన వచ్చింది. 1972లో అందులో గంగాజలం కలిపాక అది గంగా తలావ్ అయింది. ఇప్పుడు ఏటా శివరాత్రికి లక్షల మంది తెల్లబట్టలు కట్టుకుని, కావళ్లు మోస్తూ, జిల్లాలన్నీ దాటి, రోజుల తరబడి నడుస్తారు. దారిపొడవునా ముక్కూముఖం తెలియని ఇళ్లవాళ్లు బయటికొచ్చి నీళ్లూ పళ్లరసాలూ చేతికిస్తారు. పోలీసులు రోడ్డు మధ్య నిలబడి, నడిచేవాళ్ల కోసం బండ్లను ఆపుతారు.