పాంచో విల్లా వేట: మెక్సికోలో అమెరికా దండన యాత్ర (1916–17)

మెక్సికో విప్లవ నాయకుడు పాంచో విల్లా కోసం అమెరికా సైన్యం ఉత్తర మెక్సికోలోని చివావా రాష్ట్రంలో సాగించిన గాలింపును దండన యాత్ర అంటారు. 1916 మార్చి 9న న్యూమెక్సికోలోని కొలంబస్ అనే చిన్న ఊరిపై విల్లా దళం దాడి చేయడం దీనికి తక్షణ కారణం. బ్రిగేడియర్ జనరల్ జాన్ పెర్షింగ్ నాయకత్వంలో మార్చి 15న సరిహద్దు దాటిన సేనలు దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉండి, 1917 ఫిబ్రవరి 5న తిరిగి వచ్చాయి. విల్లా దళాలు చెల్లాచెదురయ్యాయి కాని విల్లా చిక్కలేదు. ఈ క్రమంలో రెండు దేశాలు యుద్ధం అంచుదాకా వెళ్లాయి.

నేపథ్యం

అమెరికా, మెక్సికోల మధ్య సరిహద్దు ఒక యుద్ధం నుంచే పుట్టింది. 1846–48 యుద్ధం తర్వాత గ్వాడలూపే హిడాల్గో ఒప్పందం ప్రకారం మెక్సికో, టెక్సస్‌తో కలుపుకొని, తన భూభాగంలో సగానికి పైగా కోల్పోయింది. కొత్త హద్దు తూర్పున రియో గ్రాండే నది వెంట, పడమట ఎడారి మీదుగా సాగింది. పశువుల దొంగలు, అపాచీ తెగ ఆదివాసీ యోధులు, ఆయుధాల దొంగ రవాణాదారులు ఈ గీతను సులువుగా దాటేవారు. అపాచీలను తరుముతూ ఒకరి గడ్డపైకి మరొకరు వెళ్లేందుకు ఇరు ప్రభుత్వాలు 1882లో ఒప్పందం కూడా చేసుకున్నాయి.

1910లో మొదలైన మెక్సికో విప్లవం సరిహద్దును మళ్లీ రగిలించింది. పోర్ఫిరియో డియాజ్ నియంతృత్వం కూలింది. అతని తర్వాత అధ్యక్షుడైన ఫ్రాన్సిస్కో మదేరో 1913లో హత్యకు గురయ్యాడు. అధికారం చేజిక్కించుకున్న విక్టోరియానో వెర్టాను గద్దె దింపడానికి విల్లా, వెనుస్తియానో కరాంజా, ఆల్వరో ఓబ్రెగోన్ ఒక్కటిగా పోరాడారు. గెలిచాక వాళ్లలో వాళ్లకే చెడింది. 1915 ఏప్రిల్‌లో సెలాయా వద్ద, కరాంజా వైపు నిలిచిన ఓబ్రెగోన్ సేనలు ముళ్లతీగలు, కందకాలు, మెషీన్ గన్లతో విల్లా అశ్వికదళాన్ని దెబ్బతీశాయి.

అంతవరకు విల్లాను ఆదరించిన అమెరికా, 1915 అక్టోబరు 19న కరాంజా ప్రభుత్వాన్ని గుర్తించింది. కరాంజా సైనికులు అమెరికా రైలు మార్గాల్లో ప్రయాణించి ఆగువా ప్రియేతా పట్టణానికి చేరేందుకు అనుమతించింది. నవంబరు మొదట్లో అక్కడ విల్లా రాత్రిపూట జరిపిన దాడి సర్చ్‌లైట్ల వెలుగులో విఫలమైంది. ఆ వెలుగు అమెరికా వైపు నుంచే వచ్చిందని విల్లా నమ్మాడు. 1916 జనవరిలో శాంతా ఇసాబెల్ దగ్గర అతని అనుచరులు రైలు ఆపి, అమెరికన్ గని ఉద్యోగులను దించి కాల్చి చంపారు.

కొలంబస్‌పై దాడి

కొలంబస్ సరిహద్దుకు సుమారు 5 కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. పక్కనే 13వ అశ్వికదళం శిబిరం ఉండేది. మార్చి 9 తెల్లవారుజామున దాదాపు 500 మంది చీకట్లో ఊళ్లోకి చొరబడి దుకాణాలు దోచారు, ఇళ్లు తగలబెట్టారు. ఆ మంటలే వారి పాలిట శాపమయ్యాయి. వీధులన్నీ వెలుగుతో నిండడంతో అమెరికన్ మెషీన్ గన్లకు గురి దొరికింది. లెఫ్టినెంట్ జాన్ లూకాస్ చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి తన తుపాకులను నిలిపాడు. సైనికులు, పౌరులు కలిపి 18 మంది దాకా అమెరికన్లు చనిపోయారు. దాడికి వచ్చినవారి మృతులు అంతకు ఎన్నో రెట్లు. మేజర్ ఫ్రాంక్ టాంప్కిన్స్ పారిపోతున్న దళాన్ని సరిహద్దు అవతలికి తరిమాడు.

విల్లా ఈ దాడికి ఎందుకు తెగించాడన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆయుధాలు, గుర్రాల అవసరం కొందరు చెప్పే కారణం. అమెరికాపై పగ మరికొందరి మాట. అమెరికా సేనలను మెక్సికోలోకి రప్పించి కరాంజాను ఇరకాటంలో పెట్టాలన్నది ఇంకో వివరణ.

గాలింపు

1882 నాటి పాత ఒప్పందాన్ని గుర్తుచేస్తూ, ఇలాంటి దాడి మళ్లీ జరిగితే పరస్పరం వెంటాడే హక్కు ఉండాలని కరాంజా ప్రభుత్వం ప్రతిపాదించింది. అమెరికా దీన్ని అప్పటికప్పుడు ప్రవేశానికి సమ్మతిగా తీసుకుంది. తర్వాతి గొడవలకు బీజం ఇక్కడే పడింది.

మొదట వెళ్లిన దాదాపు 4,800 మంది తర్వాత పది వేలు దాటారు. కాసాస్ గ్రాండెస్ దగ్గర మార్మన్లు నివసించే కొలోనియా దుబ్లాన్ వారి ప్రధాన స్థావరం. నల్లజాతి సైనికులున్న 10వ అశ్వికదళం, దారి పసిగట్టే అపాచీ స్కౌట్లు ఈ యాత్రలో ఉన్నారు. మెక్సికో రైళ్లను వాడుకునేందుకు కరాంజా ఒప్పుకోకపోవడంతో ఆహారం, మందుగుండు, పెట్రోలు అన్నీ లారీల్లోనే దుమ్ము దారుల వెంట వెళ్లాల్సి వచ్చింది. కెప్టెన్ బెంజమిన్ ఫులోయిస్ నడిపిన ఎనిమిది కర్టిస్ విమానాలు సియెర్రా మాద్రే శిఖరాల మీదికి ఎగరలేకపోయాయి. పొడిగాలికి వాటి చెక్క ప్రొపెల్లర్లు విచ్చుకుపోయాయి. ఏప్రిల్ 20 నాటికి మిగిలినవి రెండే.

విల్లాకు అత్యంత సమీపంలోకి వెళ్లింది కల్నల్ జార్జ్ డాడ్ నాయకత్వంలోని 7వ అశ్వికదళం. రాత్రంతా స్వారీ చేసి మార్చి 29 ఉదయం గెర్రెరో పట్టణంపై పడి 30 మందికి పైగా విల్లా మనుషులను చంపింది. అయితే రెండు రోజుల క్రితం కరాంజా సైనికులతో పోరులో కాలికి తూటా తగిలిన విల్లా, డాడ్ రావడానికి ముందే ఊరు దాటిపోయాడు. ఆపై వారాల తరబడి కొండగుహలో దాక్కుని గాయం మాన్పుకున్నాడు. అతని ఆచూకీ తెలిసినవారు నోరు విప్పలేదు.

మే 14న జరిగిన ఒక ఘటన పత్రికల్లో మారుమోగింది. మొక్కజొన్నల కోసం మూడు డాడ్జ్ కార్లలో బయలుదేరిన లెఫ్టినెంట్ జార్జ్ ప్యాటన్, విల్లా అనుచరుడు హూలియో కార్దెనాస్ సాన్ మిగెలితో రాంచ్‌లో ఉండొచ్చని అనుమానించి అక్కడ ఆగాడు. కాల్పుల్లో కార్దెనాస్, మరో ఇద్దరు చనిపోయారు. ప్యాటన్ శవాలను కార్ల ముందు భాగాన కట్టి శిబిరానికి తెచ్చాడు. అమెరికా సైన్యం మోటారు వాహనాలపై వెళ్లి చేసిన తొలి దాడిగా దీన్ని చెబుతారు.

పర్రాల్, కర్రిసాల్

సేనలు దక్షిణానికి వెళ్లేకొద్దీ ప్రజల్లో వ్యతిరేకత పెరిగింది. ఏప్రిల్ 12న, సరిహద్దుకు 500 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉన్న పర్రాల్ పట్టణంలో టాంప్కిన్స్ దళాన్ని జనం చుట్టుముట్టారు. కరాంజా సైనికులూ కాల్పులు జరిపారు. టాంప్కిన్స్ వెనక్కి తగ్గాడు. ఆ తర్వాత పెర్షింగ్ తన సేనలను ఉత్తరానికి కుదించాడు.

ఉత్తరానికి తప్ప మరో దిక్కుకు కదిలితే అడ్డుకుంటామని మెక్సికో సైన్యం హెచ్చరించింది. దాన్ని లెక్కచేయక జూన్ 21న కెప్టెన్ చార్లెస్ బాయ్డ్ 10వ అశ్వికదళానికి చెందిన రెండు ట్రూపులతో కర్రిసాల్ గుండా వెళ్లబోయాడు. జరిగిన పోరులో బాయ్డ్, మెక్సికన్ జనరల్ ఫెలిక్స్ గోమెజ్ ఇద్దరూ నేలకొరిగారు. పట్టుబడ్డ 24 మందిని మెక్సికో కొద్దిరోజుల్లోనే వదిలేయడంతో యుద్ధం తప్పింది. అయినా అమెరికా నేషనల్ గార్డ్ నుంచి లక్షకు పైగా సైనికులను సరిహద్దు వెంట మోహరించింది.

ఉపసంహరణ, పర్యవసానాలు

ఆ తర్వాతి నెలల్లో పెర్షింగ్ సేనలు దుబ్లాన్ పరిసరాల్లో శిక్షణతోనే కాలం గడిపాయి. విల్లా మాత్రం కోలుకుని సెప్టెంబరులో చివావా నగరంపైనే దాడి చేశాడు. విదేశీ సైన్యం ఉనికి అతనికి కొత్త అనుచరులను సంపాదించి పెట్టింది. ఐరోపా యుద్ధంలోకి దిగే సూచనలు బలపడటంతో అమెరికా 1917 జనవరి చివర్లో ఉపసంహరణ ప్రారంభించింది. చివరి దళాలు సరిహద్దు దాటిన ఫిబ్రవరి 5నే కరాంజా ప్రభుత్వం మెక్సికో కొత్త రాజ్యాంగాన్ని ప్రకటించింది.

పెర్షింగ్ వెంట మెక్సికోలో ఉంటున్న 500 మందికి పైగా చైనీయులు కూడా కొలంబస్ చేరారు. సైన్యానికి సరుకులు అమ్మిన వారిని విల్లా మనుషులు బతకనివ్వరన్న భయమే ఇందుకు కారణం. చైనీయుల వలసను నిషేధించే చట్టం ఉన్నా వారిని ప్రత్యేకంగా అనుమతించారు. అధికశాతం మంది టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో స్థిరపడ్డారు. 1921లో చట్టం ద్వారా వారికి శాశ్వత నివాస హక్కు లభించింది.

లారీల రవాణా, విమానాల నిర్వహణ, పెద్ద దళాల కదలిక వంటి విషయాల్లో ఈ యాత్ర అమెరికా సైన్యానికి అనుభవం ఇచ్చింది. 1917లో ఫ్రాన్స్‌కు వెళ్లిన అమెరికా సేనలకు పెర్షింగే అధిపతి అయ్యాడు. మెక్సికోలో మాత్రం ఈ యాత్ర సార్వభౌమత్వాన్ని కాలరాసిన చర్యగా గుర్తుండిపోయింది. విల్లా తప్పించుకున్న వైనం కొర్రీదో అనే జానపద గాథాగీతాలకు వస్తువైంది. అతను 1920లో ప్రభుత్వంతో రాజీపడి ఆయుధాలు దించి, కనుతియో ఎస్టేటులో వ్యవసాయం చేపట్టాడు. 1923 జులై 20న పర్రాల్‌లో కారులో వెళుతుండగా మాటువేసిన హంతకులు అతన్ని కాల్చి చంపారు.