కందెన నుండి తెల్లలోహము దాక: చెరకు దారులలో బేరింగుల కథ

చెరకు గడకు కత్తి దెబ్బ తగిలిన క్షణము నుండి దానిలోని చక్కెర తరుగుట ఆరంభమగును. నీరు ఆవిరియై బరువు తగ్గును. రసములోని సుక్రోజు విడిపోయి, గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారును. ఒక దినములోపల గానుగ చేరిన చెరకునకును, మూడు దినములు దారిలో నిలిచిన చెరకునకును గల భేదము తూకము దగ్గరనే రైతునకు తెలియును. కావున బోధను ప్రాంతమున చెరకు వ్యవసాయము నేలకు, నీటికి ఎంత కట్టుబడి యున్నదో, బండ్ల ఇరుసులకును అంతే కట్టుబడి యున్నది.

మంజీర మీద నిజాంసాగరు నిర్మాణము 1923లో మొదలై 1931లో ముగిసెను. దాని కాలువల క్రింద చెరకు విస్తరించెను. 1937లో బోధను ప్రక్కనే శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా పేరు పొందిన ఆ సంస్థ 2015 డిసెంబరులో మూతపడెను. అప్పటినుండి ఇక్కడి చెరకు దూరపు మిల్లులకు పోవలసి వచ్చినది.

మొదట చెరకు మోసినవి ఎడ్లబండ్లు. అయిదడుగుల చక్రము గల బండి గంటకు మూడు కిలోమీటర్లు నడచినచో, చక్రము నిమిషమునకు పది, పదకొండు మార్లు మాత్రమే తిరుగును. అంత నెమ్మదియైన తిరుగుడుకు కందెన చాలును. ఆముదములో గడ్డి కాల్చిన మసి కలిపి చేయు ఈ పదార్థమును పల్లెటూరివాడు ఏ పుస్తకమును చూచి నేర్చుకొనలేదు. మసి నూనెను చిక్కపరచి, ఇరుసు నుండి కారిపోకుండ నిలుపును. ఆముదమే ఎందుకన్న ప్రశ్నకు జవాబు రసాయన శాస్త్రములో దొరకును. ఆముదములోని రిసినోలిక్ ఆమ్లమునకు ఒక హైడ్రాక్సిల్ సముదాయము అదనముగా కలదు. అందువలన ఆ నూనె లోహమును గట్టిగా అంటిపెట్టుకొనును, పెట్రోలులో సులభముగా కరగదు. ఈ గుణము చేతనే మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానముల రోటరీ ఇంజనులలో ఆముదమును వాడిరి. తెలంగాణపు బండి ఇరుసును, ఆకాశమున ఎగిరిన ఇంజనును ఒకే గింజ నూనె తడిపినదన్నమాట.

1932 జూనులో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ఆరంభించెను. అవి స్కాట్లండులోని గ్లాస్గోలో తయారైన ఆల్బియను బండ్లు. వాటితో సమస్య స్వరూపమే మారెను. మోటారు ఇంజనులోని క్రాంకుషాఫ్టు నిమిషమునకు పది మార్లు కాదు, వేయి, రెండు వేల మార్లు తిరుగును; పైగా ప్రతి విస్ఫోటమునకును పిస్టను దానిని సమ్మెటవలె మోదును. ఈ దెబ్బలను కాచుకొనవలసినది చేతి వ్రేలంత మందము కూడ లేని ఒక లోహపు పొర.

ఆ పొర చరిత్ర మోటారు కంటె పాతది. 1839లో అమెరికాలో ఐజక్ బాబిట్ అను లోహపు పనివాడు గట్టి లోహపు గిన్నెలో మెత్తని లోహమును పోసి, దాని మీద ఇరుసును తిప్పు పద్ధతికి పేటెంటు పొందెను. తగరము సుమారు తొంబది పాళ్లు, తక్కినది ఆంటిమనీ, రాగి: ఇదియే తెల్లలోహము. మెత్తని దానిని ఎంచుకొనుట మొదట వింతగా తోచును. కాని తగరపు మెత్తదనములో గట్టి స్ఫటికములు పొదిగి యుండి భారమును మోయును. నూనెతో వచ్చిన ఇసుక రేణువు మెత్తని భాగములో కూరుకొనిపోయి షాఫ్టును గీరక ఊరకుండును. నూనె బొత్తిగా లేకపోయినచో తెల్లలోహము 240 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున కరిగి తాను నశించును గాని, షాఫ్టును చాలవరకు కాపాడును. దుమ్ము రోడ్లకు ఇంతకంటె మంచి స్నేహితుడు దొరకడు.

అయితే ఈ లోహము షాఫ్టును నిజముగా మోయుచున్నదా? 1883లో ఇంగ్లండులో బోషాం టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులను పరీక్షించుచు, నూనె పోయుటకై బేరింగు నడినెత్తిన ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగగానే నూనె లోపలికి పోవుటకు మారుగా పైకి పొంగెను. బిరడా పెట్టిన, తన్నివేసెను. కర్ర మేకు కొట్టిన, దానిని గూడ పైకి నెట్టివేసెను. పీడనమును కొలువగా చదరపు అంగుళమునకు 200 పౌన్లు దాటెను. బేరింగు మీది సగటు బరువు మాత్రము 100 పౌన్లే! మూడేండ్లకు, 1886లో, ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత కారణము చెప్పెను. తిరుగు షాఫ్టు నూనెను తనతో ఈడ్చుకొనుచు, క్రమముగా ఇరుకయ్యే సందులోనికి తోయును. ఆ నూనె చీలవలె పనిచేసి షాఫ్టును పైకెత్తును. సరిగా నడచు ఇంజనులో లోహమును లోహము తాకదు. వెంట్రుక కంటె పలుచనైన నూనె పొర మీద క్రాంకుషాఫ్టు తేలియాడుచుండును.

చక్కెర గానుగ దీనికి చక్కని ఎదురు ఉదాహరణము. గానుగ రోలర్లు నిమిషమునకు కొద్ది మార్లే తిరుగును, భారము మాత్రము అపారము. ఆ వేగములో నూనె చీల నిలువదు. అందుచేత అక్కడ గట్టి కంచు బేరింగులు పెట్టి, నీటితో చల్లబరచి, చిక్కని నూనెతో కాలము గడుపుదురు. లోపల గానుగ, వాకిట లారీ: రెండింటిలోను బేరింగులే, రెండింటి న్యాయము వేరు.

మరి ఇంజను బేరింగు ఎందుకు అరుగును? బండిని స్టార్టు చేసిన తొలి క్షణములలో నూనె పొర ఇంకను ఏర్పడి యుండదు. నూనె పాతబడును, పెట్రోలు కలిసి పలుచబడును, ఫిల్టరు పూడుకొనును. అరిగిన కొలది సందు పెరిగి నూనె ప్రక్కలకు కారిపోవును. నూనె పోయిన కొలది అరుగుదల హెచ్చును. లక్షల కిలోమీటర్లు తిరిగిన అంబాసిడరు టాక్సీలో, ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు, నూనె దీపము మిణుకుమనుట దీని మొదటి చిహ్నము.

తరువాతిది చప్పుడు. పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు, పిడిని చెవి దగ్గరకు ఆనించి వినుట మెకానిక్కుల స్టెతస్కోపు. ఎత్తు ఎక్కునప్పుడు బరువైన, బొంగురు మోత వచ్చినచో మెయిన్ బేరింగు మీద అనుమానము. ఒక మోస్తరు వేగములో యాక్సిలరేటరు వదలగానే టకటకమని కొట్టినచో కనెక్టింగు రాడ్డు బేరింగు. ఒక్కొక్క ప్లగ్గు తీగను తొలగించి చూడగా, ఏ సిలిండరు వద్ద చప్పుడు తగ్గునో రోగము అక్కడ ఉన్నది. ఇక్కడ డ్రైవరు తీర్మానమే అన్నిటికంటె ముఖ్యము. అప్పుడే ఆపినచో పోవునది కొద్దిపాటి ఖరీదు గల షెల్లుల జత. లోడు దింపి వచ్చెదనని మరి పాతిక కిలోమీటర్లు నడిపినచో క్రాంకుషాఫ్టు పోవచ్చును, రాడ్డు విరిగి సిలిండరు బ్లాకును చీల్చినను చీల్చవచ్చును. చిక్కని నూనె పోసి చప్పుడు మాపి బండి అమ్మువారును లేకపోలేదు. అది నొప్పి తెలియకుండ మత్తు ఇచ్చుట వంటిది.

పూర్వము మరమ్మతు వేరుగా ఉండెడిది. పాత తెల్లలోహమును కరగించి తీసి, కొత్తది మరగించి పోసి, షాఫ్టుకు నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటిన మిట్టలను పదునైన పనిముట్టుతో గీకుచు పోవలెను. అది దినముల పని. షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజనులో కనెక్టింగు రాడ్లకు ఈ పోత బేరింగులే 1953 దాక నిలిచెను. అంతలో అమెరికాలో క్లీవ్‌లండు గ్రాఫైట్ బ్రాంజ్ కంపెనీ ఉక్కు రేకు మీద పలుచని బేరింగు పూత వేసి, విప్పి మార్చుకొనదగిన షెల్లులు చేసెను. 1930లలో టోనీ వాండర్వెల్ ఆ హక్కులను ఇంగ్లండుకు తెచ్చెను. తరువాత 1958లో పందెపు కార్ల నిర్మాతల ప్రపంచ విజేతగా నిలిచిన వాన్వాల్ ఆయనదే. పలుచని పూత మందమైన దానికంటె బలమైనదగుట చిత్రమే. మందమైన మెత్తని లోహము ప్రతి దెబ్బకు వంగి లేచి చివరకు బీటలు వారును. ఉక్కు వెన్నుగల పలుచని పూతకు వంగుటకు చోటు లేదు. డీసెలు లారీల అధిక భారమునకు రాగి-సీసము మిశ్రమము వచ్చెను, తరువాత అల్యూమినియము-తగరము. దీనివలన గీకుడు పనివాని నేర్పు అవసరము లేకపోయెను. అది లాభమే గాని, నిప్పు, గరిటె ఉన్న ఏ ఊరిలోనైన ఇంజను బాగుచేయగల స్వాతంత్ర్యము దానితో పోయెను.

నేటి మరమ్మతులో మొదటి పని విప్పిన షెల్లును చదువుట. గీతలున్నచో నూనెలో మురికి. పూత అలికినట్లు జారినచో నూనె కరవు. ఒక షెల్లున ఒక అంచు, ఎదుటి దాని రెండవ అంచు అరిగినచో వంగిన రాడ్డు. పెచ్చులు లేచినచో లోహపు అలసట. కారణమును విడిచి షెల్లులు మాత్రము మార్చిన మెకానిక్కు వద్దకు ఆ బండి మరల వచ్చును. షాఫ్టు మెడను మైక్రోమీటరుతో రెండు దిక్కుల కొలువవలెను. అది కోలగా అరిగి యున్నచో గ్రైండింగుకు పంపక తప్పదు. అంగుళములో వెయ్యవ వంతులు పది, ఇరవై, ముప్పది తీసి, దానికి తగిన షెల్లు వేయుదురు. షెడ్లలో ‘పది సైజు’, ‘ఇరవై సైజు’ అనునవి ఇవే. అంగుళపు వ్యాసమునకు వెయ్యవ వంతు సందు అనునది స్థూలమైన లెక్క. క్యాపును ఆకురాయితో రాచి బిగువు చేయుట పాత పోత బేరింగుల నాటి అలవాటు. షెల్లులకు అది చేటు. గ్రైండింగు పొడి షాఫ్టులోని నూనె దారులలో మిగిలినచో కొత్త బేరింగు మొదటి దినముననే చెడును. అందుచేత ఆ రంధ్రములను కడిగి, గాలి కొట్టి, షెల్లుల మీద నూనె పూసి, ప్లగ్గులు తీసియే ఇంజనును కొంతసేపు తిప్పి, నూనె పీడనము లేచిన తరువాతనే ప్లగ్గులు బిగించి స్టార్టు చేయవలెను.