ఎవ్వరితోను కలియని వాయువులు

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చి విడిసెను. సూర్యుని అంచున లేచు జ్వాలలు వేడెక్కి వెలుగు వాయురాశులని అతడు వర్ణపటమువలన గ్రహించెను. ఆ యేడే ఇంగ్లండున లాకియర్ ఆ వెలుగులోని పసుపుపచ్చ గీత సోడియమునకు చెందినది కాదని తేల్చెను. దానికి మూలమైన పదార్థమునకు, సూర్యుని గ్రీకు నామమునుబట్టి, హీలియమని పేరు వచ్చినది. హీలియము గుంటూరులోనే దొరకినదని మనవారు చెప్పుకొందురు. అంతమాట అనలేము గాని, ఆ కథకు తొలిపుట అక్కడ తెరువబడినదనుట సత్యము.

ఇక మనము నిత్యము పీల్చు గాలిలోనే అట్టి వాయువొకటి దాగియుండెను. 1785లోనే కావెండిష్ గాలిలోని నత్రజనిని విద్యుత్ స్ఫులింగములతో ఆమ్లజనియందు కలిపివేయగా, ఎంత ప్రయత్నించినను కరగని చిన్న బుడగ యొకటి మిగిలెను. అది మొత్తములో నూట ఇరువదవ వంతునకు మించలేదని అతడు వ్రాసిపెట్టెను. నూరేండ్లకు పైగా దానినెవ్వరును పట్టించుకొనలేదు. తుదకు గాలినుండి తీసిన నత్రజని, రసాయనములనుండి తీసిన నత్రజనికంటె సుమారు రెండువందలవ వంతు బరువుగా నుండుట చూచి రేలీ ప్రభువు ఆశ్చర్యపడెను. అతడును రామ్సేయు కలిసి 1894లో ఆ క్రొత్త వాయువును ప్రకటించిరి. దేనితోను కలియదు గనుక దానికి సోమరి యను అర్థము గల ఆర్గాన్ అను పేరు పెట్టిరి. మరుసటి యేడు రామ్సే హీలియమును ఒక యురేనియము ఖనిజమునుండి రాబట్టెను. 1898లో అతడును ట్రావర్సును క్రిప్టాన్, నియాన్, క్సీనాన్‌లను వెలికి తీసిరి.

ఇవి ఏల కలియవు? ఈ ప్రశ్నకు 1916లో జర్మనీ దేశస్థుడు కోసెల్ చెప్పిన సమాధానము మన వంటింటి ఉప్పులోనే కనబడును. నియాన్ పరమాణువునందు పది ఎలక్ట్రానులు, లోపలి పొరలో రెండు, వెలుపల ఎనిమిదిగా అమరియున్నవి. సోడియమునకు పదునొకండు. ఆ యొక్క ఎలక్ట్రానును విడిచినచో అది నియాన్ అమరికను పొందును. క్లోరిన్‌కు పదునేడు. ఒకటి స్వీకరించినచో ఆర్గాన్‌వలె పదునెనిమిదియగును. ఒకటి ఇచ్చినది, ఒకటి పుచ్చుకొన్నది. ఇట్లు విద్యుదావేశము పొందిన పరమాణువులనే అయానులందుము. ఆ రెండును పరస్పరాకర్షణచే కలిసియుండగా ఉప్పు ఏర్పడినది.

అమరిక ఒకటియైనను స్వభావము ఒకటి కాదు. ఆమ్లజని, ఫ్లోరిన్, సోడియము, మెగ్నీషియము, అల్యూమినియముల అయానులన్నిటియందును నియాన్‌వలెనే పది ఎలక్ట్రానులే. కాని కేంద్రకమునందలి ధనావేశము వరుసగా 8, 9, 11, 12, 13. ఆవేశము పెరిగినకొలది అవే పది ఎలక్ట్రానులు లోనికి లాగబడును. అందుచే ఆమ్లజని అయాను పెద్దది, అల్యూమినియము అయాను మిక్కిలి చిన్నది.

కోసెల్ సూత్రము ఎంత చక్కనిదో అంత ఇబ్బందియు తెచ్చిపెట్టినది. నిండిన అమరికను కదలింపరాదను నమ్మకము స్థిరపడెను. బడిలో మేమును 'జడవాయువు'లనియే వల్లెవేసితిమి. మాటలతో బ్రదుకు మాకు, ఒక పేరు బుద్ధికెట్లు కళ్ళెము వేయునో తెలియును. క్సీనాన్ ఫ్లోరిన్‌తో కలియవచ్చునని 1933లో పౌలింగ్ ఊహించెను. యోస్ట్, కే అనువారు ప్రయత్నించి విఫలులైరి. మరి ముప్పది యేండ్లు ఆ తలుపు తట్టినవారు అరుదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున నీల్ బార్ట్‌లెట్ అను యువకుడు, ప్లాటినం హెక్సాఫ్లోరైడు ఆమ్లజని అణువునుండి సైతము ఎలక్ట్రానును లాగివేయుట కనుగొనెను. క్సీనాన్ నుండి ఎలక్ట్రానును తీయుటకును దాదాపు అంతే శక్తి చాలునని పట్టికలు చూడగా తోచెను. క్సీనాన్‌కు ఎలక్ట్రానులు ఏబది నాలుగు. వెలుపలి ఎనిమిది కేంద్రకమునకు చాల దూరమున నుండును గదా. 1962 మార్చి 23వ తేదీన ఎర్రని ఆవిరిని, రంగులేని క్సీనాన్‌ను కలిపినంతనే నారింజపసుపు ఘనపదార్థము పేరుకొనెను. దాని నిర్మాణము అతడు మొదట తలచినంత సరళము కాదని పిమ్మట తేలినది. ఆ యేడే అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలవారు క్సీనాన్‌ను ఫ్లోరిన్‌తోనే నేరుగా కలిపి తెల్లని స్ఫటికములను సాధించిరి. ఆ ప్రయోగశాల పేరునకును ఆర్గాన్ వాయువునకును సంబంధము లేదు. నియాన్ మాత్రము నేటికిని స్థిరమైన సమ్మేళనమునకు లొంగలేదు.